పేరు చెప్పండమ్మా

"ఈ వారం గూడా ఎవురూ సెప్పకపోతే చీర ఎత్తుకోని పోతా ఉండా. మళ్ళా నన్ను పిలవద్దండి," అన్నాడు మునిరత్నం, ఒళ్ళోని పట్టుచీర పెట్టెను రెండు చేతులా అదిమి పట్టుకుని.

తిరుపతి లోకల్ కేబుల్ చానెల్లో ఆదివారం పాత సినిమా వేసి, అది అయిపోగానే ఫోన్లో ఒక ప్రశ్న అడగడం యాంకర్ ప్రశాంతి పని. సరిగ్గా చెప్పినవాళ్ళకు మునిరత్నం కొట్టు నుంచి పట్టుచీర. ఐదు వారాలుగా ఒక్కరికీ జవాబు రాలేదు. చీర ఇవ్వడం ఇష్టంలేకే కష్టమైన ప్రశ్నలు అడిగిస్తున్నాడని బజారంతా నవ్వుతోందట. అందుకే ఆయన ఈసారి స్టూడియోకే వచ్చి కెమెరా పక్కన కూర్చున్నాడు. ఆయన లేచి వెళ్ళిపోతే కార్యక్రమం పోతుంది. దాంతో పాటే ప్రశాంతి ఉద్యోగమూ.

ఇప్పుడే చూసిన నలుపు తెలుపు సినిమాకు కథ, మాటలు రాసిందెవరు? ఇదీ ఈ వారం ప్రశ్న. క్యాసెట్లో పేర్లు పడే ముక్క అరిగిపోయింది. చానెల్ యజమాని జయరావు ఆనాటి పాటల పుస్తకం ఎక్కడో సంపాదించి, అందులో చూసి 'సౌందరరాజన్' అని చీటీ మీద రాసిచ్చాడు.

"ఎవురో గానీ వంటింట్లో పీట వేసుకోని కూర్చోని రాసినట్టు రాసినాడబ్బా. ఆ కోడలు మాట్లాడతా ఉంటే మా యమ్మ గుర్తొచ్చింది," అని మునిరత్నం కళ్ళు తుడుచుకున్నాడు. పెట్టె మాత్రం వదల్లేదు.

ఫోన్ మోగింది. ఏర్పేడు నుంచి తిరుమలయ్య.

"హీరోనే రాసుకోని ఉంటాడు మేడమ్. అట్లా మాట్లాడేది ఇంకెవురికి వస్తాది?"

"తప్పండీ."

"అట్లయితే డైరెక్టరు?"

"ఒక్కసారే చెప్పాలండీ."

"పోనీ, ఆ హీరోయిన్ ఇప్పుడు యాడుండాదో సెప్పండి మేడమ్!"

జయరావు లైన్ కట్ చేశాడు. మునిరత్నం చెప్పులు వెతుక్కోసాగాడు. అంతలో మళ్ళీ ఫోన్.

"చెప్పండి, ఎవరు మాట్లాడుతున్నారు?"

"పద్మాక్షినమ్మా, మాడవీధి నుంచి." పెద్దావిడ గొంతు. వెనకాల ప్రశాంతి మాటలే ప్రశాంతికి రెండోసారి వినిపిస్తున్నాయి.

"టీవీ సౌండ్ తగ్గించండవ్వా!"

"తగ్గించినా. హీరో రాసినాడంట, హీరో! ఆ తిరుమలయ్య మాట వినలేక ఫోన్ చేసినా."

"అయితే రాసిందెవరో మీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పండి మరి!"

"చెప్పలేనమ్మా. అది మావారి పేరు."

ప్రశాంతికి ఒక్క క్షణం పట్టింది. తరువాత నవ్వు ఆగలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని తన అవ్వ కూడా చచ్చేదాకా పలకలేదు. ఈవిడ భర్త పేరు కూడా సౌందరరాజనే అన్నమాట!

"అవ్వా, మీరు రోజూ సహస్రనామం చదువుతారా?"

"అది కానిదే కాఫీ గూడా తాగను."

"స్వామివి వెయ్యి పేర్లు పలికితే పుణ్యమూ, మీ ఆయనది ఒక్క పేరు పలికితే దోషమూనా?"

"స్వామికి వయసు మీద పడేది లేదు గదమ్మా. ఈయనకు ఎనభై రెండు."

మునిరత్నం కూడా కిసుక్కున నవ్వి, వెంటనే మొహం గంభీరంగా పెట్టుకున్నాడు.

"గురుతు చెబుతా, పట్టుకో," అంది పద్మాక్షమ్మ. "తిరుచానూరు అమ్మవారి గుడిలో, అమ్మవారి పక్కన ఉండే స్వామి."

"కృష్ణస్వామా?"

"ఆయన కాదు. ఇంకొక స్వామి ఉండాడే, ఆయన."

ఆ గుడిలో రెండో స్వామి సుందరరాజస్వామి. "సౌం..." అనబోయి ప్రశాంతి నాలుక కరుచుకుంది.

"గురుతులకు చీర ఇచ్చేది లే!" అన్నాడు మునిరత్నం గొంతు తగ్గించి. "పేరు నోటితో సెప్పాల. లేకుంటే యాంకరమ్మే అందించింది అంటారు రేపు."

అద్దం వెనక నుంచి జయరావు ఒక వేలు చూపించాడు. ఇంకొక్క నిమిషమే. ప్రశాంతి నోట స్టూడియో భాష పోయి ఇంటి భాష వచ్చేసింది.

"అవ్వా, ఆయన ఇంట్లోనే ఉండారా?"

"ఈడే, ఉయ్యాల్లో."

"ఫోన్ ఆయనకియ్యండి. ఆయన పేరు ఆయన చెప్పుకుంటే ఏమీ కాదు గదా?"

అవతల ఉయ్యాల గొలుసులు కిర్రుమన్నాయి. "ఏమండీ, ఇట్లా రాండి. ఈ పాప అడగతా ఉండాది, మీ పేరు చెప్పి పెట్టేయండి," అని పద్మాక్షమ్మ. "నేనెందుకే?" అని ఒక ముసలి గొంతు. "చెప్పండి అంటా ఉండా గదా!" అని మళ్ళీ ఆవిడే.

"నమస్కారమయ్యా," అంది ప్రశాంతి ఊపిరి బిగబట్టి. "ఈ సినిమా రాసిందెవరు? మీ నోటితో ఒక్క పేరు. అంతే."

మునిరత్నం లేచి నిలబడ్డాడు, పెట్టె ముందుకు చాపి.

"నన్ను ఈ మాట నలభై ఏళ్ళుగా ఎవురూ అడగలేదమ్మా," అన్నాడాయన. "పాటల పుస్తకంలో ఉండే సౌందరరాజన్‌ను నేనే. ఆడపేరు వేస్తే సినిమా కొనేవాళ్ళు రారని ప్రొడ్యూసరు నా పేరు వేసినాడు."

"ఏమండీ!" అని వెనక నుంచి కేక.

"రాసింది పద్మాక్షి."