సన్నపళ్ల రంపం

గోపాల్‌పేట గడీలో, దొర బీరువా అంచులకని తెప్పించిన అల్యూమినియం పట్టీ పెద్ద రంపానికి చిక్కి వంకరపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

"గిది గూడ చెడితే దొర తోలు దీస్తడే!" అన్నాడు వడ్ల మోనయ్య, గడీలోనే పనిచేసే భార్యతో.

"సన్నపళ్ల రంపం దీస్కో," అంది జములమ్మ. "పెద్దపళ్ల దువ్వెనకు పేలు దొర్కుతయా? రేకు పల్చగుంటే పళ్లు గూడ సన్నగుండాలె."

మోనయ్య రంపం మార్చాడు గానీ, పట్టీ దాకా తెచ్చి మళ్లీ వెనక్కి తీశాడు.

"గీ తెలివి యాడిదే?"

"దొరసాని తలలది. దినాం నేనే గద దువ్వేది."

"దొరసానికి గూడ పేలా?"

"ఆమెకుంటే దొరకు అంటకుంటయా? నిన్న కచ్చేరిల కూసోని బర్రుబర్రున గోక్కుంటుండు, సూడలే?"

మోనయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రంపం పట్టీకి ఆనించాడు. గీసిన గీత మీదే తెగింది.