చిన్న దెబ్బకే

మొరప్పూర్ నుంచి వచ్చిన చెల్లెలి చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి శంకరనారాయణన్ నివ్వెరపోయాడు.

"కమలా, బావ కొట్టినాడా?"

కమలవేణి తల వంచుకుంది. చిగుళ్ల నుంచి నెత్తురు కూడా కారుతోందని గమనించి, వెంటనే ఆమెను ధర్మపురి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. డెంగ్యూ కాదు, వేసుకున్న మాత్రల వల్లా కాదు. ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి పక్కన పెట్టాక, ఆమె శరీరమే తన ప్లేట్‌లెట్లను నాశనం చేసుకుంటోందని డాక్టరమ్మ తేల్చింది. ఈ జబ్బులో చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుందని, తలకు తగిలితే ప్రాణానికే ముప్పని హెచ్చరించింది.

శంకరనారాయణన్‌కు సిగ్గేసింది. కమలవేణి ఏదో చెప్పబోయింది కానీ, అతను అప్పటికే వరండాలోకి పోయి ఫోన్ చేస్తున్నాడు.

"బావా, మిమ్మల్ని తప్పుగా అనుకుంటిని. మన్నించండి. అంతా జబ్బే."

బావ సాయంత్రానికల్లా వచ్చాడు. భార్య పక్కన కూర్చుని ఇడ్లీ తుంచి తినిపించాడు. చూస్తున్న శంకరనారాయణన్ కళ్లు చెమర్చాయి.

మందులు తేవడానికి బావ కిందికి దిగగానే అతనూ లేచాడు. "ఇంక భయపడొద్దమ్మా. బావ నిన్ను బాగా చూసుకుంటాడు. నేను పోయొస్తాను."

కమలవేణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చిన్న దెబ్బకే కమిలిపోతాదని చెప్పినారు కదన్నా," అంది మెల్లగా. "ఆ దెబ్బలు వేసినదెవరని నువ్వు అడగనే లేదే."