ఒక్క ఆకు మిగలకుండా

కొర్నీలియా గడ్డికోత యంత్రాన్ని కంచె వెంబడి మళ్లీ ఒకసారి నడిపించింది. అంతకు ముందే రెండుసార్లు నడిపింది. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

పొరుగింటి రస్ పెరట్లో ఎర్ర మేపుల్ చెట్లు ఆకు రాల్చడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆమెకు ఇదే పని. రాలిన ఆకు గడ్డితో కలిసి యంత్రం కిందికి పోయి, పొట్టులా తెగి, వెనుక సంచిలో పడుతుంది. సంచి నిండితే కొట్టం వెనుక పీపాల్లో పోసి మూత పెడుతుంది. మిషిగన్‌లో మంచు కరిగాక కూరగాయల మళ్ల మీద కప్పడానికి ఏటా ఆమె దాచే ఎరువే అది. ఈ ఏడు మాత్రం ఆమె ధ్యాస మళ్ల మీద లేదు, గుర్రం మీద ఉంది.

ఆమెకున్న రెండు గుర్రాల్లో బారన్ కిందటి వారం చనిపోయింది. మూత్రం కాఫీలా నల్లబడింది, చిగుళ్లు మట్టిరంగుకు తిరిగాయి, సాయంత్రానికి కొట్టంలో కూలబడి మరి లేవలేదు. ఇప్పుడు రెండో గుర్రం టాన్సీ చిగుళ్లకూ అదే రంగు వస్తోంది.

“వాడిన మేపుల్ ఆకు తింటోందండీ,” అంది పశువైద్యురాలు, చేతి తొడుగులు విప్పుకుంటూ. “చెట్టు మీది పచ్చాకు కాదు, రాలి వాడిన ఆకే వీటికి విషం. బారన్‌కు జరిగిందే దీనికీ జరుగుతోంది. ఇంకొన్ని రోజులు అది కడుపులో పడిందంటే, నన్ను పిలిచి లాభం లేదు.”

“నా పచ్చికలో ఒక్క ఆకు చూపించమ్మా.”

వైద్యురాలు చుట్టూ చూసింది. నున్నగా దువ్విన తలలా ఉంది పచ్చిక.

కొర్నీలియా మనసులో లెక్క తేలిపోయింది. నేల మీద ఆకు లేదు. గుర్రం తింటోంది. అంటే ఎవరో చేత్తో తెచ్చి పెడుతున్నారు.

రస్ కంచె అవతల గాలి ఊదే మిషనుతో ఆకులు ఊడుస్తున్నాడు. ఈగలనీ, పేడ కంపనీ గుర్రాల మీద పంచాయతీకి ఫిర్యాదు చేసినవాడు అతనే.

“ఏం రస్, ఇవాళ మా వైపు ఎన్ని ఎగరేశావు?”

“గాలి నా మాట వింటుందా కొర్నీలియా గారూ? వింటానంటే చెప్పండి, దానికీ ఒక కళ్లెం కొనుక్కొస్తాను.”

“గుర్రాన్ని మింగి కూర్చున్నావు. ఇంకా వేళాకోళమా?”

రస్ మిషను ఆపాడు. ముఖంలో నవ్వు పోయింది. “ఈగల సంగతి నేనే రాశాను, కాదనను. కానీ నోరులేని జంతువుకు విషం పెట్టే జాతి కాదు మాది. ఆ మాట ఇంకెక్కడా అనకండి.”

ఆమె అంది. ఆదివారం ప్రార్థన ముగిశాక, చర్చి వంటగదిలో కాఫీ పోస్తూ, అందరూ వినేలా అంది. ఆ మరునాటి నుంచి రస్ మంగలి దుకాణంలో కుర్చీలు ఖాళీ. అతని భార్యను కిరాణా కొట్టులో పలకరించినవారు లేరు. నేరానికి తగిన శిక్షలో ఇది మొదటి మెట్టు మాత్రమే అనుకుంది కొర్నీలియా.

షెరీఫ్ కార్యాలయం నుంచి వచ్చినవాడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. “అనుమానం మీద ఎవరినీ పట్టుకోలేమమ్మా. పెడుతుండగా ఫోటో తియ్యండి. అప్పుడు చూద్దాం.”

ఆమె ఇంట్లోకి వచ్చేసరికి భర్త హార్మన్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వేళ్లు కోటు బొత్తాలతో కుస్తీ పడుతున్నాయి.

“బారన్ గాడు కనబడ్డం లేదేమిటి?”

“పచ్చికలో ఉన్నాడు. మేస్తున్నాడు,” అంది ఆమె, బొత్తాలు పెడుతూ. నిజం చెప్పిన ప్రతిసారీ భర్త అప్పుడే విన్నట్టు ఏడ్చేవాడు. చెప్పడం మానేసింది.

“చలికాలం వస్తోంది. కడుపు నిండా తిననీ.”

“తింటాడులే. నువ్వు పడుకో.”

పొద్దు వాలుతుండగా ఆమె కొట్టంలోకి వెళ్లి గడ్డి మోపుల వెనుక కూర్చుంది. ఒక చేతిలో టార్చి, మరొక చేతిలో ఫోను. టాన్సీ గసపెడుతోంది. బయట గాలికి మేపుల్ కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

కొట్టం వెనుక ఏదో మూత కదిలిన చప్పుడయింది. తరువాత అడుగులు. తొందర లేని అడుగులు, దారి బాగా తెలిసినవి.

టాన్సీ చెవులు నిక్కించి, సంతోషంగా సకిలించింది. పిచ్చిది, తనను చంపేవాడికే మచ్చికైపోయింది అనుకుంది కొర్నీలియా.

తలుపు తెరుచుకుంది. నల్లకోటు తొడిగిన మనిషి తొట్టి మీదికి వంగాడు. గలగలమంటూ ఏదో జారి పడింది.

“దొరికావు రస్!” అంటూ ఆమె టార్చి వేసింది.

“కొర్నీలియా నీ కోసం ఎంత సన్నగా తరిగి పెట్టిందో చూడు తల్లీ, బారన్ గాడికి పెట్టినట్టే నీకూ రోజూ పెడుతున్నానుగా,” అంటూ పీపాలోంచి నింపుకొచ్చిన గడ్డికోత యంత్రం సంచిని చివరి పొట్టుదాకా దులుపుతున్నాడు హార్మన్.