వెనక సీట్లో మాస్టారు

"ఆ క్షణాన మీరు చేతులెందుకు వదిలేశారు కెప్టెన్ గారూ?"

దర్యాప్తు అధికారిణి తాక్ హ్యోన్సుక్ ఈ ప్రశ్న అడగడం నాలుగోసారి. కెప్టెన్ ప్యో గిదోంగ్ నాలుగోసారీ బార్లీ టీ గుటక వేశాడు. కప్పు రెండోసారికే ఖాళీ అయిపోయిందని గదిలో అందరికీ తెలుసు.

ఇంచియోన్‌లో లేచిన ఇరవై నిమిషాలకి, సముద్రం మీద, విమానం కంప్యూటర్‌కి మతి పోయింది. కెప్టెన్ వైపు తెర వేగం పెరుగుతోందంది. కో-పైలట్ వైపు తెర తగ్గుతోందంది. గిదోంగ్ తన తెరనే నమ్మాడు. వేగం తగ్గిద్దామని ముక్కు పైకెత్తాడు. ఇంకా ఎత్తాడు. విమానం గాలి మీద పట్టు తప్పి గజగజ వణికింది. వెనక నూట ఎనభై ముగ్గురు అన్నం ట్రేలు పట్టుకుని కూర్చున్నారు.

ఉన్నట్టుండి గిదోంగ్ కంట్రోళ్ళ మీంచి చేతులు వదిలేశాడు. కో-పైలట్ బన్ ఉజిన్ ముక్కు కిందికి దించి అందరినీ బతికించాడు.

ఇంతవరకూ బ్లాక్ బాక్సుల్లో అంకెల పెట్టె చెప్పింది. కాక్‌పిట్‌లో మాటలు దాచే పెట్టె మాత్రం మోసం చేసింది. అది చివరి రెండు గంటల మాటలే దాచుకుంటుంది. దిగగానే దాని కరెంటు తీసేయాలి, లేకపోతే కొత్త మాటలు పడి పాతవి చెరిగిపోతాయి. తీయాల్సిన ఉజిన్ కంగారులో మరిచిపోయాడు. ఇప్పుడందులో ఉన్నదల్లా, మధ్యాహ్నం చల్ల నూడుల్సు తిందామా, పంది మాంసం పులుసు తిందామా అని ఇద్దరు మెకానిక్కులు పడ్డ తగువు. చివరికేం తిన్నారో కూడా తేలలేదు.

"ఉజిన్ మిమ్మల్ని హెచ్చరించలేదా?"

"హెచ్చరించాడమ్మా. 'కెప్టెన్ గారూ, తప్పుగా అనుకోకండి, వీలైతే నా తెర వంక ఒక్కసారి...' అన్నాడు. మూడుసార్లన్నాడు."

"మరి?"

"నాకంటే పాతికేళ్ళు చిన్నవాడు. అంత మర్యాదగా చెబితే మా చెవికెక్కుతుందా?"

కాసేపు విరామమిచ్చారు. నడవాలోకి రాగానే గిదోంగ్ ఉజిన్‌తో అన్నాడు:

"చెప్పేస్తానురా."

ఉజిన్ మొహం పాలిపోయింది. ఒకప్పుడు కంపెనీ విందుల్లో పైవాళ్ళని అనుకరించి కడుపులు చెక్కలయ్యేలా నవ్వించినవాడు. ఆ రోజు తర్వాత వాడి నోట జోకన్నది రాలేదు.

"వద్దు కెప్టెన్ గారూ. చచ్చిపోయిన మాస్టారొచ్చి అరిచారంటే పిచ్చి డాక్టరు దగ్గరికి పంపుతారు. ఆ తర్వాత టికెట్ కొనుక్కుంటే తప్ప విమానం ఎక్కలేరు."

"నువ్వూ క్వాక్ మాస్టారి దగ్గర విమానం నడపడం నేర్చినవాడివే. ఆఖరి బ్యాచ్. ఆ గొంతు ఇంకొకడికి ఉంటుందా? నిజం చెప్పు, విన్నావా లేదా?"

ఉజిన్ గోడకేసి చూశాడు. "విన్నాను."

"ఆరేళ్ళ కిందట మట్టిలో కలిసిన మనిషి శిష్యుడి కోసం లేచొస్తే, ఆ సంగతి నన్ను మింగేయమంటావా?"

ఆ రోజు నుంచీ గిదోంగ్ తన వెనక ఖాళీ ఉంటే కూర్చోలేడు. హోటల్లో గోడకి వీపు ఆనిస్తే గానీ ముద్ద దిగదు. ఇంట్లో సోజు సారా పోసుకున్నప్పుడు మాస్టారికీ ఒక గ్లాసు పోస్తాడు, మర్యాదగా రెండు చేతులతో. పొద్దున్నే లేచి అది తగ్గిందేమో చూస్తాడు. తగ్గినట్టే ఉంటుంది. మొదట్లో నవ్విన పెళ్ళాం ఇప్పుడు నవ్వడం లేదు.

లోపలికెళ్ళి అంతా చెప్పేశాడు. కాక్‌పిట్‌లో తన వెనక ఖాళీ సీటు. హెడ్‌ఫోన్లో, సరిగ్గా నెత్తి మధ్యలో, మాస్టారి గొంతు.

తాక్ హ్యోన్సుక్ కలం మూత పెట్టేసింది. "ఇది రాస్తే మీరిక ఎగరలేరు."

"రాసుకోండమ్మా. ఆయన్ని అబద్ధం చేసి ఎగరలేను."

ఆమె పక్కకి తిరిగింది. "మీరు విన్నారా, ఉజిన్?"

ఉజిన్ లేచాడు. కెప్టెన్ ఎదుటికొచ్చి, నడుం దగ్గర విరిగినట్టు వంగాడు. గిదోంగ్‌కి ఒళ్ళు మండింది. విన్నానని ఒక్క ముక్క చెప్పరా అంటే, ఇప్పుడా వీడి మర్యాదలు?

అప్పుడు గది దద్దరిల్లింది.

"ఒరే గిదోంగూ! చేతులు తియ్యరా దున్నపోతా! కుర్రాడికియ్యి!"

గిదోంగ్ కుర్చీ వెనక్కి పడింది. రెండు చేతులూ గాల్లోకి లేచాయి. "చిత్తం మాస్టారూ!" అంటూ ఇన్నాళ్ళకి ధైర్యం చేసి వెనక్కి తిరిగి చూశాడు. తెల్లగోడ తప్ప ఏమీ లేదు.

ఎదురుగా, వంచిన నడుం ఎత్తకుండానే, ఉజిన్ మెల్లిగా నోరు మూసుకున్నాడు.