లాకు తలుపులు

“ఇంకో అరగంట ఆగాలమ్మాయ్. ఆటు ఇంకా దిగుతూనే ఉంది. ఇప్పుడు వదిలితే ట్రెంట్ నది నిన్ను సముద్రం వైపు లాక్కుపోతుంది,” అన్నాడు ఆక్స్‌బీ.

“అరగంటా?” బెరిల్ వెనక్కి తిరిగి కాలువగట్టు వంక చూసింది. లాకులోకి పడవ తెచ్చినప్పటి నుంచీ అలా చూడటం నాలుగోసారి.

ఆక్స్‌బీ ముప్ఫై ఏళ్లుగా ఆ లాకు కాపలాదారు. కాలువలో పెరిగిన సన్న పడవలంటే అతనికి జాలి. నడుము లోతు నీళ్లలో, మనిషి నడిచే వేగంతో బతికేవి. తలుపులకవతల మట్టిరంగు నది ఊరికే పోతున్నట్టు కనిపిస్తూనే దుంగల్ని గిరగిరా తిప్పి పారేస్తోంది. లంగరు, లైఫ్ జాకెట్, చివరగా పడవ వెనక భాగం, ఈ మూడూ కళ్లారా చూడనిదే అతను ఎవర్నీ వదలడు.

“ఒక్కదానివేనా?”

“ఒక్కదాన్నే. మా ఆయన లెన్ పొద్దున్నే ఊళ్లోకి పోయాడు. తనొచ్చేదాకా పడవ కదపొద్దని హుకుం. పదహారేళ్లుగా ఆయన హుకుములే కదా. ఇవాళ కదిపాను.”

“నడపడం వచ్చా మరి?”

“చుక్కాని పట్టడం వచ్చు. మిగతాదంతా లెన్ చూసుకుంటాడు. రోజుకి నాలుగుసార్లు మేం నిలబడే చెక్కలెత్తి, కింద కంత మూత తీసి చెయ్యి దూర్చి, నీళ్లలో తిరిగే పంకాకి చుట్టుకున్న నాచు పీక్కుంటూ కూచుంటాడు. నాతో కన్నా ఆ నాచుతోనే ఎక్కువ మాట్లాడాడు.”

ఆక్స్‌బీ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె మణికట్టు నల్లగా కమిలి ఉంది.

“అదేంటి?”

“నిన్న లాకు తిప్పుతుంటే పిడి జారి తగిలింది,” అంటూ చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది.

ఆక్స్‌బీ చెల్లెలు ఐవీ కూడా ఇలాగే చెప్పేది. తలుపు తగిలిందనేది, మెట్లు జారాననేది. అతను నమ్మాడు. ఒకసారి వచ్చి “ఈ ఒక్కపూట ఉండనీ అన్నా” అంటే, ఆలుమగల మధ్య మనకెందుకని సర్దిచెప్పి పంపేశాడు. మళ్లీ ఆమెను చూసింది శవపేటికలోనే. తనను తాను అతను ఈనాటికీ క్షమించుకోలేదు.

వెళ్లి లంగరు చూశాడు. గొలుసు గట్టిగానే ఉంది. జాకెట్ తొడిగించి తాళ్లు తనే బిగించాడు. అప్పుడు ఆమె బూట్లు కనిపించాయి.

“ఇవేంటి, ఇంత తడిశాయి?”

“ఇందాక వంతెన దగ్గర కాస్త జోరు పెంచితే ఎక్కడినుంచో చిమ్మిందండీ. తగ్గించగానే ఆగింది.”

“ఏదీ, వెనక ఓసారి చూడనీ,” అని పడవలోకి కాలు పెట్టబోతుంటే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“వస్తున్నాడు.”

చక్కగా గీసినట్టున్న కాలువగట్టు మీద, మైలు దూరంలో ఒక ఎర్ర టోపీ, దాని కింద సైకిలు.

“నన్ను అందుకున్నాడంటే నేనింక పోలేనండీ,” అంది.

ఆక్స్‌బీ క్షణం కూడా ఆలోచించలేదు. “ఎక్కు. చుక్కాని పట్టు.”

తూములు ఎత్తాడు. నీళ్లు భోరున నదిలోకి దూకాయి. రెండు గోడల మధ్య పడవ మెల్లగా కిందికి దిగుతోంది. ఎర్ర టోపీ దగ్గరవుతోంది. వాడు లేచి నిలబడి తొక్కుతున్నాడు. హ్యాండిల్‌కి వేలాడుతున్న గోనెసంచిలో ఏదో బరువైంది మోకాలికి కొట్టుకుంటోంది. ఏదో అరుస్తున్నాడు కానీ ఎదురుగాలికి ఒక్క ముక్కా వినబడలేదు.

ఆక్స్‌బీ తలుపులు తోసి కిందికి వంగి చెప్పాడు. “విను. ఆటు నీకు ఎదురు. ఇంజను పూర్తిగా తెరిచి పట్టు. ఏమైనా సరే తగ్గించకు. తగ్గించావో, నది నీ మాట వినదు.”

“మీ మేలు మర్చిపోనండీ.”

పడవ నదిలోకి పోయింది. ముక్కు ఒక్కసారి సముద్రం వైపు తిరిగింది. ఇంజను గర్జించింది. మెల్లగా ఎగువకు తిరిగి, వంపు చాటుకు వెళ్లింది.

లెన్ సైకిలు పడేసి వచ్చేసరికి ఆక్స్‌బీ లాకు తిప్పే ఇనప పిడి పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

“సంచి కింద పెట్టు.”

“పడవేదీ? నదిలోకి వదిలేశారా?”

“వదిలేశా. ఈసారి తలుపు తీశాను. చేతనైతే ఈదుకుంటూ పో.”

లెన్‌కు కోపం రాలేదు. “నన్నొదిలి పోతే పోనీండి సార్. మెల్లగానే పోతోందా? అదొక్కటి చెప్పండి.”

“మెల్లగా ఎందుకు పోతుంది? ఇంజను పూర్తిగా తెరవమన్నా. నీకు అందదులే.”

లెన్ గట్టు అంచుకు పోయి నది వంపు వైపు చూశాడు. అంతదాకా వంపు అవతలి నుంచి వినబడుతున్న ఇంజను చప్పుడు ఆగిపోయింది. గాలి మారిందేమో అనుకున్నాడు ఆక్స్‌బీ.

“వెల్డింగ్‌కి తీసుకెళ్లా. కదపొద్దని చెప్పానే దానికి, కదపొద్దని,” అంటూ లెన్ సంచి విప్పాడు.

నాచు తీసే కంత మూత అది, పంకా చిమ్మే నీళ్లు పడవలోకి రాకుండా ఆపే ఒకే ఒక్క అడ్డు.