హారన్ లేని కారు

మొర పెట్టుకుంటే దేవుడే దిగి వస్తాడా, లేక దారిన పోయేవాణ్ని పంపి ఊరుకుంటాడా? గుమస్తాకి ఇది ఏళ్ళ తరబడి తీరని అనుమానం.

ఆ సాయంత్రం మాత్రం ఎవరొచ్చినా చాలనిపించింది.

వెనక సీట్లో, భార్య ఒళ్ళో, పసికూతురు ఆయాసంతో ఎగరొప్పుతోంది. ఆసుపత్రి బజారుకి ఆ చివర ఉంది. అడ్డొచ్చిన బండిని తప్పుకోమని హారన్ నొక్కాడో లేదో, కారు టప్పున ఆగింది.

కీ తిప్పితే మూలిగిందే తప్ప ఇంజన్ అందుకోలేదు.

“ఏవండీ, పిల్ల పెదాలు నీలంగా అవుతున్నాయి!”

జనం నెట్టారు. ఇంజన్ అందుకుంది. నాలుగు బారలు పోయాక మళ్ళీ హారన్ కొట్టాడు. మళ్ళీ ఆగింది.

బావమరిదికి ఫోన్ చేశాడు. కారు పాత డైనమో తీసి కొత్తది బిగించింది నిన్న తామిద్దరే.

“హారన్ కొడితే బండి చస్తోందిరా!”

“బానే బిగించాం కదా బావా. ఒక్క వైరేగా మిగిలింది.”

“మిగిలిందా?”

“నల్లది, లావుపాటిది. మిగిలిందంటే అక్కర్లేదనేగా?”

“ఒరేయ్, అది ఎర్త్ వైరురా! ఎక్కడుందిప్పుడు?”

“మా ఇంట్లోనే బావా. గూట్లో భద్రంగా పెట్టా.”

ఆ వైరు లేక కరెంటు అరకొరగా తిరుగుతోంది. హారన్ కాస్త లాగేసరికి ఇంజన్‌కి కరువొస్తోంది. బజారు చూస్తే ఇసకేస్తే రాలనట్టుంది.

కిటికీ దగ్గరికి ఒక సన్నటి మనిషి వచ్చాడు. మెడకి మఫ్లర్.

“అన్నా, బస్సు తప్పింది. ఆసుపత్రి దాటాక పెద్ద మేడ ఉంది చూడండి, అందాకా ఎక్కించుకుంటారా?”

“మా ప్రాణం మీదికొస్తే నీకు సవారీ కావాలా? పోవయ్యా!”

అతను వెనక సీట్లోకి చూశాడు. పోలేదు. కారు నెట్టాడు. ఇంజన్ అందుకోగానే పక్క సీట్లోకి దూకి, మఫ్లర్ లాగేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“హారన్ ముట్టుకోకండి. నేనున్నాగా.”

ఇక మొదలుపెట్టాడు.

“తప్పుకోండి! లోపల పసిపిల్ల! జరగండయ్యోయ్!”

బజారు పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. గొంతు జీరబోయింది. బొంగురుపోయింది. చివరికి గాలి తప్ప మాట రాలేదు. అప్పుడు కారు తలుపును చేత్తో బాదాడు.

ఆసుపత్రి ముందు కారు ఆగీ ఆగకముందే గుమస్తా పిల్లనెత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

పిల్ల ఊపిరి కుదుటపడ్డాక బయటికొచ్చి చూస్తే ఆ మనిషి లేడు.

అడిగిన చోటుకి దింపనైనా లేదే అన్నది గుమస్తా మనసులో ముల్లై గుచ్చుకుంటూనే ఉంది.

ఏళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం బస్టాపులో అదే ముఖం కనబడింది. గుమస్తా గబుక్కున బ్రేకు వేశాడు.

“ఎక్కు తమ్ముడూ! ఆ రోజు నిన్ను సగం దారిలో వదిలేశాను. నీకు బాకీ ఉన్నాను.”

అతను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“పాప ఎలా ఉందన్నా?”

“ఇల్లు పీకి పందిరేస్తోంది!”

అతను హాయిగా నవ్వాడు. ఈసారీ ఆ పెద్ద మేడకే వెళ్ళాలన్నాడు.

మేడ ముందు కారాపి, గుమస్తా తనే దిగి తలుపు తీశాడు.

గేటు దగ్గర ముసలి కాపలాదారు అతణ్ని తేరిపార చూసి అడిగాడు.

“ఇన్నేళ్ళకి మళ్ళీ పాడమని పిలిచారన్నమాట! నీ మొదటి కచేరీ నాటిలా గొంతు పోగొట్టుకుని రాలేదు కదా బాబూ?”