పిడికిలి పట్టేంత సందు

దుకాణంలో అద్దం ముందు నిలబడ్డ అమ్మాయి నడుము వెనక ఎవరో చెయ్యి పెట్టారు.

ఉలిక్కిపడి తిరిగింది. ఎవరో పెద్దామె. నెరిసిన జుట్టు, వెలిసిన కోటు, వేళ్ల నిండా పాత గాట్లు.

అమ్మాయి ఒంటి మీద ఉన్నది సర్ఫింగ్ సూటు. చల్లటి సముద్రంలో బోర్డెక్కి అలల మీద తేలేవాళ్లు వేసుకునే రబ్బరు సూటు. గులాబీ రంగు, పక్కన తెల్ల చార, మెడ దగ్గర ‘ఆడవారికి’ అని లేబుల్.

"చూడు తల్లీ, ఇక్కడ నా పిడికిలి పడుతోంది. ఇది మగవాళ్ల కటింగ్. రంగు మార్చి లేబుల్ కుట్టారు. ఈ సందులో నీళ్లు చేరి నీ ఒంటి వేడంతా లాక్కుపోతాయి."

అడక్కుండా చెయ్యి వేసినందుకు అమ్మాయికి ఒళ్లు మండింది.

పెద్దామె ఆ సంగతే పట్టించుకోలేదు. అడుగు అరలోంచి నల్ల సూటు ఒకటి లాగింది. చార లేదు, మెరుపు లేదు. లోపలివైపు తిప్పి కుట్లన్నీ గోటితో తడిమి, ఇది వేసుకు చూడమంది.

వేసుకోవడానికే పావుగంట పట్టింది.

"ఊపిరాడటం లేదు."

"పొడిగా ఉన్నప్పుడు బిగుతే. నీళ్లు తగిలాక అమరుతుంది. ఏదీ, గొంతుక్కూర్చో. చేతులు పైకెత్తు."

"నేనేమన్నా మీ చేతిలో బొమ్మనా అండీ?"

అప్పుడొచ్చాడు దుకాణదారు. ఈవిడ కొనేది లేదు పెట్టేది లేదు, రోజూ వచ్చి అరలు తిరగేసి పోతుంది, ఈవిడకి పిడికిలే టేపు అని నవ్వాడు. గులాబీ సూటు హాయిగా ఉందా లేదా అని అమ్మాయిని అడిగాడు. ఉందంది. ఇంకేం మరి, అన్నాడు.

"ముందు ఈవిణ్ణి లోపలికి రానివ్వకండి. ఒంటి మీద చేతులేస్తోంది," అంది అమ్మాయి.

అతనికి ఆ మాట చాలు. పెద్దామెకి గుమ్మం చూపించి, ఇంకోసారి ఈ ఛాయలకి రావద్దన్నాడు.

అమ్మాయి లోపలికెళ్లి నల్ల సూటు విప్పి తెచ్చి బల్ల మీద పడేసింది. పెద్దామె దాన్ని మడత పడకుండా చుట్టి, అడుగు అరలో పెట్టి, వెళ్లిపోయింది.

అమ్మాయి పంతం కొద్దీ గులాబీదే తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే పరీక్ష. ఒడ్డున ఉన్న సర్ఫింగ్ స్కూల్లో నేర్పేవాళ్ల ఉద్యోగం ఒకటి ఖాళీ ఉంది. గంటసేపు చన్నీళ్లలో ఉండి అలలు తొక్కాలి. తప్పితే మళ్లీ ఏడాదికే. వచ్చింది ఏడుగురు, ఆడపిల్ల తనొక్కతే. గులాబీ పువ్వొచ్చింది, వాడిపోకుండా చూడండిరా అన్నాడొకడు. స్కూలు పెద్ద కూడా నవ్వాడు. ఇలాంటి నవ్వులు ఆపించాలనే ఆమె రెండేళ్లుగా చలి లెక్కచెయ్యకుండా ఈదింది.

మొదటి నాలుగు అలలూ అందరికంటే తనే బాగా తొక్కింది. ఐదో అల కింద పడ్డప్పుడు నడుము సందులోకి చన్నీళ్లు జొరబడ్డాయి. ఆపైన ప్రతి అలకీ లోపల వెచ్చబడ్డ నీళ్లు పోవడం, కొత్తవి రావడం. నలభయ్యో నిమిషానికి వేళ్లు బోర్డుని పట్టుకోలేకపోయాయి. ఒడ్డుకి వచ్చేసింది.

స్కూలు పెద్ద ఆమె ఎదురుగానే కాగితం మీద రాశాడు. ‘ఆడమనిషి. చలికి ఆగదు.’

సూటు తప్పు తీసుకొచ్చి ఒంటికి అంటగట్టాడు. కాదని చెప్పబోతే పళ్లు టకటక కొట్టుకుని మాట పెగల్లేదు.

తడి సూటు చంకన పెట్టుకుని తిన్నగా దుకాణానికి పోయి, దాన్ని బల్ల మీద పడేసింది.

"ఇది మగవాళ్ల కటింగేనా?"

కటింగులో ఏముంది మేడమ్, అందరూ ఇలాగే అమ్ముతున్నారు అని దుకాణదారు నసిగాడు.

"అవునా, కాదా?"

"అవును."

ఆమె అరల వైపు నడిచింది. అడుగు అరలోంచి నల్ల సూటు తీసుకుని లోపలికి వెళ్లింది. వేసుకుని, నడుము వెనక పిడికిలి దూర్చబోయింది. వేలు కూడా దూరలేదు.

బయటికొచ్చి, ఆ పెద్దామె ఎక్కడుంటుందని అడిగింది. తెలియదన్నాడు. రానివ్వొద్దన్నది మీరే కదా, ఇవాళ రాలేదు, ఇక రాదు కూడా అన్నాడు.

"అసలు రోజూ ఎందుకొచ్చేది?"

దుకాణదారు తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఇదివరకు మా దగ్గర ఆడవాళ్ల సూట్లు కత్తిరించింది ఆవిడే, మగవాళ్ల కటింగుకి ఆ లేబుల్ కుట్టనంటే పనిలోంచి తీసేశాను, తను కత్తిరించిన వాటిలో మిగిలింది మీ ఒంటి మీదున్న ఆ ఒక్కటే, అది ఎవరికి అమరుతుందో చూసుకుందామని వచ్చేది."